ఇల్లు రోజూ తుడుస్తున్నా బాబుకు దగ్గెందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకు ఆరేళ్లు. వానలు మొదలైనప్పటి నుంచి రాత్రిళ్లు ఒకటే దగ్గు, అప్పుడప్పుడు పిల్లికూతలు. పగలు బాగానే ఆడుకుంటాడు. ఇల్లు శుభ్రంగానే ఉంచుతాను. రోజుకు మూడుసార్లు ఫినాయిల్ వేసి తుడుస్తాను, బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ కలిపి కడుగుతాను. దోమల భయంతో కిటికీలు మూసేసి రాత్రంతా కాయిల్ వెలిగిస్తున్నాం. బట్టలు ఆరక పడకగదిలోనే దండెం కట్టాను. బీరువా వెనక గోడకు నల్లమచ్చలు వచ్చాయి. ఇంకా ఏం చేయాలో చెప్పండి. – ఒక తల్లి

జవాబు: మిగతావన్నీ తర్వాత చెబుతాను. యాసిడ్, బ్లీచింగ్ కలపడం మాత్రం ఈ రోజే ఆపేయండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. కడిగేటప్పుడు కళ్లు మండి, గొంతు పట్టేసినట్టు అనిపించి ఉంటే అది 'ఘాటు' కాదు, విషవాయువే. తలుపులేసిన చిన్న బాత్రూంలో అది పెద్దవాళ్లకే ప్రమాదం. ఏదో ఒకటే వాడండి, అదీ తలుపు తీసి ఉంచి.

ఇక అసలు సంగతి. మన భాషలో గోడకు పట్టేదీ నెమ్మే, ఛాతీకి పట్టేదీ నెమ్మే. ఈ రెండూ ఒకటే జబ్బు కాకపోయినా, మీ ఇంట్లో మాత్రం మొదటిది రెండోదాన్ని పిలుస్తున్నట్టుంది. మీ ఇంట్లో మురికి లేదు, తడి ఉంది. రోజుకు మూడుసార్లు నేల తుడిచి, మూసిన గదిలోకి మరింత తడి చేరుస్తున్నారు. ఫినాయిల్ వాసనకు ఇల్లు శుభ్రంగా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, ఊపిరితిత్తులు సున్నితంగా ఉన్న పిల్లలకు ఆ వాసనే దగ్గు తెప్పించవచ్చు. వానాకాలంలో ఒక్కసారి గట్టిగా పిండిన బట్టతో తుడిచి, వెంటనే ఫ్యాన్ వేస్తే చాలు. తుడిచిన బట్టను బకెట్లోనే వదిలేయకుండా ఆరేయండి.

దండెం కూడా ముందుగా పడకగదిలోంచి తీసేయండి. ఒక్క విడత ఉతికిన బట్టలు ఆరేలోపు దాదాపు 2 లీటర్ల నీటిని గాలిలోకి వదలగలవు. మీ బాబు రాత్రంతా ఆ గాలే పీలుస్తున్నాడు. వరండాలోనో, ఎవరూ పడుకోని గదిలో కిటికీ తీసి ఫ్యాన్ కిందో ఆరేయండి. గాలిలో తేమ 60 శాతం దాటిందంటే బూజుకు, పరుపుల్లో ఉండే కంటికి కనపడని డస్ట్ మైట్ పురుగులకు పండగే. తడిసిన పరుపు, చాప, కర్ర సామాను ఏదైనా ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది.

బయట కూడా తడిగాలే కదా, కిటికీ తీసి ఏం లాభం అని చాలామంది అడుగుతారు. వంట, స్నానాలు, బట్టలు, మన ఊపిరి... వీటన్నిటి తడి మూసిన ఇంట్లో పేరుకుపోతుంది. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా ఎదురెదురు కిటికీలు పావుగంట తెరిస్తే అది బయటికి పోతుంది. స్నానమయ్యాక ఎగ్జాస్ట్ ఫ్యాన్ కాసేపు తిరగనివ్వండి.

బీరువా వెనక మచ్చల మాటకొస్తే, అది బూజు. బీరువాను గోడకు జానెడు దూరం జరపండి. తడి ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. ఆ గోడ మీద చేటంత పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గాలి చొరబడకుండా అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు నీటిబొట్లు పడితే తడి గోడలోంచే వస్తోంది. అంటే పైపు లీకో, బయటి గోడ పగులో, పైకప్పు కారడమో ఉంది, మేస్త్రీని పిలవాల్సిందే. గది వైపు బొట్లు పడితే గదిలో గాలి ఆడటం లేదని అర్థం.

మచ్చలను పొడిబ్రష్‌తో రుద్దకండి, బూజు బీజాలు గదంతా ఎగురుతాయి. బాబును వేరే గదికి పంపి, ముక్కుకు మాస్క్ పెట్టుకుని, సబ్బునీళ్లతో తడిపి తుడిచి పూర్తిగా ఆరబెట్టండి. బ్లీచింగ్ చల్లి వదిలేస్తే సరిపోదు, చచ్చిన బూజు కూడా అలర్జీ తెప్పిస్తుంది. మచ్చ మీద పెయింట్ వేయడం మరీ దండగ. మచ్చలు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు దాటితే మీరు చేయి పెట్టకుండా తెలిసిన పనివాళ్లకు అప్పగించండి.

కాయిల్ విషయంలో కాస్త కఠినంగానే చెబుతాను. ఒక కాయిల్ కాలితే వెలువడే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళికి సమానమని 2003లో అచ్చయిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. పిల్లికూతలున్న పిల్లాడి పక్కన అది వెలిగించకూడదు. పైగా డెంగీ దోమ ఎక్కువగా కుట్టేది పగలే. కిటికీలకు మెష్, మంచానికి దోమతెర పెడితే కిటికీలు తెరిచే ధైర్యం కూడా వస్తుంది.

ఆ దోమ మురుగులో కాదు, నిలిచిన మంచినీళ్లలో పెరుగుతుంది. ఇంతా చెప్పే నేనే ఒకసారి మా ఫ్రిజ్ వెనక ట్రే లాగి చూస్తే, గ్లాసెడు నీళ్లలో సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతూ గిలగిల్లాడుతున్నాయి. ఇల్లంతా దోమల మందు కొట్టుకుంటూ దాన్ని మరిచిపోయాం. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి ఆ ట్రే, పూలకుండీల కింది ప్లేట్లు, కూలర్, డ్రమ్ములు ఖాళీ చేయండి. నీళ్లు పారబోస్తే సరిపోదు, వాటి లోపలి అంచులను పీచుతో రుద్దాలి. గుడ్లు అంచుకు అతుక్కుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే లేస్తాయి. ఈ కాలంలో ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ సొంతంగా వేయకండి. డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.



ఇవన్నీ చేస్తే బాబు దగ్గు తగ్గవచ్చు. కానీ రాత్రి దగ్గుకు పిల్లికూతలు తోడయ్యాయంటే ఉబ్బసం ఉందేమో చూడాలి. ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఇన్‌హేలర్ రాస్తే అలవాటైపోతుందని టెన్షన్ పడకండి, మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది కాబట్టి సిరప్ కంటే తక్కువ మోతాదు సరిపోతుంది. ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతున్నా, ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మామూలుగా వెళ్లేటప్పుడు బాబు రాత్రి దగ్గుతున్న వీడియో ఒకటి, బీరువా వెనక గోడ ఫొటో ఒకటి ఫోన్‌లో పెట్టుకెళ్లండి. పగలు క్లినిక్‌లో పిల్లలు ఒక్కసారి కూడా దగ్గరు. ఆ వీడియో మాకు చాలా ఉపయోగపడుతుంది.