ఊళ్ళో ఉన్న నాన్నని సిటీకి తీసుకెళ్ళిపోవాలా?

"మా నాన్నకి 66. అమ్మ పోయాక మండపేట దగ్గర మా ఊళ్ళో ఒక్కరే ఉంటున్నారు. బెంగళూరు వచ్చెయ్యమంటే స్నేహితుల్ని వదిలి రానంటున్నారు. ఈ వయసులో ఆరోగ్యం కన్నా, కుటుంబం కన్నా స్నేహితులు ఎక్కువా?" అని ఒకరు అడిగారు.

అడిగింది అబ్బాయో అమ్మాయో తెలీదు, నాకు మాత్రం మా అబ్బాయి గొంతే వినిపించింది. అందుకే రాస్తున్నాను.

ఎక్కువా తక్కువా అని తూకం వెయ్యకండి. మీ నాన్నగారి ఆరోగ్యాన్ని ఇప్పుడు కనిపెట్టుకుని ఉన్నది ఆ స్నేహితులే. ఈ నాలుగు ముక్కలు నా కుడిచేత్తో టైపు చెయ్యగలుగుతున్నానంటే దానికి కారణం మా బావ.

బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. కులం వేరు, పార్టీ వేరు. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కోనసీమలో వరస కలపకుండా మనిషిని పిలవడం మాకు చేతకాదు, చిన్నప్పుడు ఎవరో బావా అన్నారు, అదే ఉండిపోయింది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి మా పెంకుటిల్లు ఎగిరిపోతుంటే పిల్లలిద్దర్నీ చంకనేసుకుని వాళ్ళ డాబాలోకి పరిగెత్తాం. తెల్లారి చూస్తే తోటలో నిలబడి ఉన్న చెట్లని వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. కొబ్బరి మొక్క మళ్ళీ పెడితే కాపుకొచ్చేసరికి ఐదారేళ్ళు. ఆ ఐదారేళ్ళూ మా ఇల్లు గడిచింది బావ ఇచ్చిన చేబదుళ్ళ మీదే. కాయితం లేదు, వడ్డీ లేదు, నలుగురిలో ఒక్క మాట లేదు.

అసలు సంగతి 2025 సెప్టెంబరులో జరిగింది. మా ఊరి లాకుల దగ్గర ఒక టీ కొట్టు ఉంది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ ఈ కాలువ గట్లే మాకు దారి, రేవు, రచ్చబండ. పొద్దున్నే నడక అయ్యాక అక్కడ కూర్చుంటాం. శుక్లాల ఆపరేషన్ అయినా బావకి పేపర్లో చిన్నక్షరాలు ఆనవు, అందుకని నేనే పైకి చదువుతాను. ఆ రోజు పేపరు నిండా ఒకటే వార్త, అమెరికా హెచ్ వన్ బీ వీసాకి లక్ష డాలర్ల ఫీజు పెట్టిందని. మా అబ్బాయి ఉన్నది ఆ వీసా మీదే. బావ వాళ్ళబ్బాయి కాట్రేనికోన వైపు రొయ్యల చెరువులు చేస్తున్నాడు. అంతకు ముందు నెలలోనే అమెరికాలో మన సరుకు మీద సుంకం 50 శాతానికి ఎక్కి రొయ్య రేటు పడిపోయింది. అంటే అక్కడెక్కడో ఒక మనిషి పెట్టిన సంతకాలు మా ఇద్దరి ఇళ్ళనీ తాకాయి. ఆ మాటే అనుకుంటూ చదువుతున్నాను.

"లక్ష డాలర్లు" అనబోతే నోట్లో అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు ఏదో వచ్చింది. మళ్ళీ అన్నాను, మళ్ళీ అంతే. చుట్టూ ఉన్నవాళ్ళు "కొడుకు అక్కడున్నాడు కదండీ, టెన్షన్ పడ్డారు" అన్నారు. ఒకాయన మంచినీళ్ళ గ్లాసు అందించాడు. బావ ఆ గ్లాసు పక్కకి నెట్టేసి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"బావా, ఓసారి నవ్వు."

నవ్వాననే అనుకున్నాను.

"రెండు చేతులూ పైకెత్తు."

ఎడమది లేచింది. కుడిది సగం దాకా వచ్చి జారిపోయింది. బావ వాచీ చూసుకుని టీ కొట్టు కుర్రాడితో "ఆరూ ముప్పావు, గుర్తెట్టుకో" అన్నాడు. నా దగ్గరికి వచ్చి "ఏం కాదు బావా, నేనున్నాను" అని నా కుడిచెయ్యి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

వాళ్ళమ్మగారు పక్షవాతం వచ్చి చాలాకాలం మంచం మీదే ఉండి పోయారు. అప్పుడు డాక్టరు చెప్పినవన్నీ బావకి కంఠతా వచ్చు. చుట్టూ మూగినవాళ్ళలో ఒకరు చెయ్యి రుద్దమన్నారు, ఒకరు ఆకుపసరు పోసే మనిషి దగ్గర్లోనే ఉన్నాడన్నారు, ఇంకొకరు గుండెకి వేసుకునే ఏస్పిరిన్ బిళ్ళ తెస్తానన్నారు. బావ ఎవరి మాటా వినలేదు. కారు తెప్పించి నన్ను వెనక సీట్లో పడుకోబెట్టి, మా ఆవిణ్ణి ఎక్కించుకుని, కొత్తపేట, రావులపాలెం, జొన్నాడ వంతెన మీదుగా రాజమండ్రి తీసుకెళ్ళాడు. దారిలోనే ఆసుపత్రులకి ఫోన్లు. సీటీ స్కాన్ ఉందా, నరాల డాక్టరు ఉన్నాడా, గడ్డ కరిగించే ఇంజక్షన్ ఉందా? ఈ మూడే అడిగాడు. మొదటి చోట "తీసుకురండి, చూద్దాం" అన్నారట. ఆ జవాబుకి ఫోన్ పెట్టేసి రెండో చోటికి చేశాడు. పెద్ద బోర్డు, అద్దాల తలుపులు చూసి ఆసుపత్రి ఎంచుకునే మన జనానికి ఈ మూడు ప్రశ్నలు నేర్పితే ఎన్ని కుటుంబాలు నిలబడతాయో!

ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. పక్షవాతం వస్తే, మెదడులో రక్తనాళం గడ్డ అడ్డుపడి మూసుకుపోయిందో, చిట్లిందో స్కాన్ చేస్తేగానీ తెలీదు. మూసుకుపోతే గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇస్తారు, అదీ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే. ఎంత ముందు పడితే అంత మంచిది. చిట్లినవాళ్ళకి అదే ఇంజక్షన్ ప్రాణం మీదికి తెస్తుంది. ఏస్పిరిన్ బిళ్ళ ఇంట్లో వెయ్యకూడదనేది అందుకే. మింగే శక్తి దెబ్బతిని ఉండొచ్చు, కాబట్టి మంచినీళ్ళు కూడా పొయ్యకూడదు, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. డాక్టరుగారు మొట్టమొదట అడిగింది "ఎన్నింటికి మొదలైంది?" అని. బావ దగ్గర జవాబుంది.

ఆ టైముకి మా ఆవిడ వంటింట్లో ఉంది. అమ్మాయి హైదరాబాదులో డ్యూటీకి తయారవుతోంది. అబ్బాయికి అది రాత్రి. వీళ్ళెవరికీ నా మీద ప్రేమ తక్కువ కాదు. కానీ వీడియో కాల్‌కి ముందు మేం జుట్టు దువ్వుకుంటాం, మంచి చొక్కా వేసుకుంటాం, "అంతా బాగే" అంటాం. రోజూ నాతో నడిచేవాడికి నా అడుగు ఎప్పుడు మందగించిందో, గొంతు ఎప్పుడు మారిందో చెప్పక్కర్లేదు. బీపీ మిషన్ కొని పంపుతున్నారు పిల్లలు, మంచిదే. ఆ మిషన్ మూతి వంకర పోయిందని మాత్రం చెప్పదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక అమ్మాయి వాళ్ళింటికి తీసుకెళ్ళింది. బంగారం లాంటి పిల్ల, అల్లుడుగారూ అంతే. తొమ్మిదింటికి ఇద్దరూ వెళ్ళిపోయేవారు. ఆ అపార్టుమెంటులో ఎదురింటాయన పేరు తలుపు మీద చదివాను గానీ మనిషిని చూడలేదు. నాకు ఏదైనా అయితే సాయంత్రం దాకా ఎవరికీ తెలీదు. నాలుగు గోడల మధ్య టీవీ చూస్తూ కూర్చున్న మనిషి కన్నా గట్టు మీద నలుగురితో వాదించే మనిషి ఎక్కువకాలం ఆరోగ్యంగా ఉంటాడు, దీన్ని ఎవరి ముందైనా కుండబద్దలు కొట్టి చెప్తాను.

వాదన అంటే గుర్తొచ్చింది. ఈ మధ్య మా ఊళ్ళో స్నేహాలు పాడైపోతున్నది వాట్సాప్ వల్ల. 2024 మే ఎన్నికలప్పుడు కలిసి చదువుకున్నవాళ్ళు గ్రూపులో తిట్టుకుని, ఇప్పటికీ ఒకరి ఇంట్లో పెళ్ళికి ఇంకొకరు వెళ్ళడం లేదు. ఎక్కడో ఎవరో తయారుచేసిన వీడియో కోసం నలభై ఏళ్ళ స్నేహం వదులుకుంటారా? బావకీ నాకూ రాజకీయాల్లో ఏ రోజూ పడదు. రొయ్యల చెరువుల మీద ఇంకా పడదు. ఉప్పునీరు పక్క చేలలోకి, బావుల్లోకి దిగుతోంది, వరి చేసేవాడు ఏమైపోవాలని నేను మొహం మీదే అంటాను. వరిలో ఏం మిగులుతోందని అతనంటాడు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టింది గిట్టకే కదా అంటాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, కానీ నా బావి నీళ్ళు ఉప్పగా ఉన్న మాట కూడా అబద్ధం కాదు. ఇంత వాదించుకున్నా మర్నాడు పొద్దున్న పేపరు నేనే చదవాలి.

పిల్లలు మాటిమాటికీ రాలేరని కూడా నాకు తెలుసు. మా కోటిపల్లి–నరసాపురం రైలు లైను 57 కిలోమీటర్లు, 2000-01లో మంజూరైంది. అప్పటి లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు పట్టుబట్టి తెచ్చారు, 2002లో ఆయన పోయారు, గోదావరి గౌతమి పాయలో స్తంభాలు లేచి నిలబడ్డాయి, రైలు మాత్రం రాలేదు. అది వచ్చి ఉంటే మా పిల్లలు ఇంకో రెండు పండగలకైనా వచ్చేవారు. పెద్దవాళ్ళని ఊరు కదిలించడం గురించి అందరూ మాట్లాడతారు, ఊరికి దారి వెయ్యడం గురించి ఎవరూ మాట్లాడరు.

మా అబ్బాయి "నాన్నా, అన్నీ వదిలేసి వచ్చేస్తాను" అన్నాడు. వద్దన్నాను. ఆ ఫీజు కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదని తర్వాత తేలింది, వాడి ఉద్యోగానికి ఢోకా లేదు. ఇప్పుడు ఆదివారం నాకు చేశాక బావకి కూడా ఫోన్ చేస్తాడు. "మావయ్యా, నాన్న ఉప్పు తగ్గించారా, మాగాయ మానేశారా?" అని అతన్నే అడుగుతాడు. నిజం అక్కడే తెలుస్తుందని వాడికి అర్థమైంది.

మీ నాన్నగారికి మంచం మీంచి లేవలేని పరిస్థితి వస్తే తప్పకుండా తీసుకెళ్ళండి, అప్పుడు ఆయన ఇష్టం కూడా అడగక్కర్లేదు. నడుస్తున్నన్నాళ్ళూ ఊళ్ళోనే ఉండనివ్వండి. ఈసారి వెళ్ళినప్పుడు ఆయనతో రోజూ కూర్చునే ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకోండి, మీ నంబరు వాళ్ళకి ఇవ్వండి. దగ్గర్లో ఏ ఆసుపత్రిలో రాత్రిపూట కూడా సీటీ స్కాన్, నరాల డాక్టరు ఉంటారో మీరే ఫోన్ చేసి కనుక్కుని, ఆ నంబరు ఆయనకి కాకుండా ఆ స్నేహితులకి ఇవ్వండి. నవ్వించి చూడటం, చేతులు ఎత్తించి చూడటం, మాట్లాడించి చూడటం, టైము గుర్తుపెట్టుకోవడం వాళ్ళకి ఒకసారి చెప్పండి. కారున్న మనిషి ఆ గుంపులో లేకపోతే 108 ఉంది.