సూడాన్ వెళ్లాలంటే ముందు నీళ్ల పని రావాలి

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి వరంగల్‌లో బీటెక్ సివిల్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. క్యాంపస్‌లో ఒక నిర్మాణ సంస్థలో ఉద్యోగం వచ్చింది. తను మాత్రం సూడాన్ లాంటి చోట యుద్ధంలో ఇళ్లు వదిలి వచ్చినవాళ్లకు సాయం అందించే పనిలో చేరతానంటోంది. లక్షన్నర కడితే వాలంటీరుగా ఆఫ్రికా పంపుతామని ఒక ఏజెన్సీ వాళ్లు తనకు చెప్పారట. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఇది అసలు కెరీరేనా? వద్దని గట్టిగా చెప్పాలా? (ఒక తండ్రి)

జవాబు: ముందు ఆ డబ్బు సంగతి. ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఐక్యరాజ్యసమితి సంస్థలు గానీ, రెడ్‌క్రాస్ గానీ, డాక్టర్స్ వితవుట్ బోర్డర్స్ అనే అంతర్జాతీయ వైద్య సహాయ సంస్థ గానీ ఉద్యోగం ఇవ్వడానికి ఫీజు తీసుకోవు. దరఖాస్తుకు, ఇంటర్వ్యూకు, శిక్షణకు అని ఏ పేరు చెప్పి అడిగినా అక్కడితో మాట ఆపేయండి. అనుభవం లేని పిల్లను డబ్బు తీసుకుని యుద్ధం జరిగే చోటికి పంపేవాళ్లు, రేపు అక్కడ కష్టం వస్తే ఫోన్ కూడా ఎత్తరు.

ఇక మీ అసలు ప్రశ్న. ఇది కెరీరే. ఇంజినీర్లు, నర్సులు, అకౌంటెంట్లు, గోదాము నడిపేవాళ్లు, లారీలు తిప్పించేవాళ్లు జీవితమంతా ఈ రంగంలో గడుపుతున్నారు. మీ అమ్మాయిని వద్దనకండి. అయితే ఈ ఏడాదే వెళ్తానంటే మాత్రం నేను మీ వైపే ఉంటాను. ఎందుకో ఆమె ఎంచుకున్న సూడాన్ సంగతులతోనే చెప్తాను. ఈ భాగం ఆమెకు చదివి వినిపించండి.

2023 ఏప్రిల్ 15న సూడాన్ సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలిటరీ దళానికీ మధ్య యుద్ధం మొదలైంది. కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఇళ్లు వదిలారు. ఎక్కువమంది దేశం దాటలేదు, సొంత దేశంలోనే ఊరూరా తిరుగుతున్నారు. పశ్చిమ సూడాన్‌లోని డార్ఫుర్ ప్రాంతంలో ఎల్ ఫాషర్ నగరం పక్కన జంజం అనే పెద్ద శిబిరం ఉండేది. అక్కడ కరువు ఉందని 2024 ఆగస్టులో నిపుణుల కమిటీ నిర్ధారించింది. 2025 ఏప్రిల్‌లో ఆర్‌ఎస్‌ఎఫ్ ఆ శిబిరం మీద పడింది. లక్షల మంది కాలినడకన, గాడిదల మీద తవిలా అనే చిన్న పట్టణానికి చేరారు. కొద్ది నెలల్లోనే అక్కడ కలరా వ్యాపించింది. మనిషికి రోజుకు సగటున మూడు లీటర్ల నీళ్లే దొరుకుతున్నాయని ఆ ఆగస్టులో డాక్టర్స్ వితవుట్ బోర్డర్స్ చెప్పింది. తాగడానికి, వంటకు, ఒంటి శుభ్రతకు అన్నిటికీ కలిపి ఆ మూడు లీటర్లే.

సహాయ సంస్థలన్నీ స్ఫియర్ ప్రమాణాలు అనే లెక్కను పాటించాలని చూస్తాయి. మనిషికి రోజుకు 15 లీటర్ల నీళ్లు. 250 మందికి ఒక కుళాయి. 20 మందికి ఒక మరుగుదొడ్డి. కుళాయి దగ్గర పట్టుకున్న నీళ్లలో లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మూడు లీటర్లను పదిహేనుకు తీసుకెళ్లడమంటే బోరు వేయించడం, మోటారుకు డీజిల్ తెప్పించడం, ట్యాంకర్లు తిప్పడం, పైపు వేయడం, క్లోరిన్ సరిగ్గా కలపడం. ఇది అచ్చంగా సివిల్ ఇంజినీరు పని. మీ అమ్మాయి చదివిన చదువు అక్కడ వృథా కాదు, అక్కడే ఎక్కువ పనికొస్తుంది. కానీ పరీక్ష రాసిన చేతికీ పంపు విప్పిన చేతికీ తేడా ఉంది. క్లోరిన్ లెక్క తప్పితే ఆ తప్పు కలరా వార్డులో బయటపడుతుంది. తాను పని నేర్చుకోవడానికి అది చోటు కాదని ఆమెకే అర్థమవుతుంది.

సామాన్లు చేరే తీరు కూడా తెలియాలి. సరుకు పోర్ట్ సూడాన్ ఓడరేవుకైనా రావాలి, పక్క దేశం చాద్ నుంచి అద్రే సరిహద్దు గుండానైనా రావాలి. 2024 ఫిబ్రవరిలో ఆ సరిహద్దు దారిని సూడాన్ ప్రభుత్వం మూయించింది, మళ్లీ తెరవడానికి ఆగస్టు వచ్చింది. అప్పటికి వానాకాలం, వాగులు పొంగి రోడ్లు తెగే సమయం. ప్రతి లారీ ఏ రోజు ఏ దారిన వెళ్తుందో రెండు పక్షాలకూ ముందే చెప్పి, ఒప్పించి, కాగితాలు పట్టుకుని కదలాలి. అయినా 2025 జూన్‌లో పోర్ట్ సూడాన్ నుంచి 1,800 కిలోమీటర్లు ప్రయాణం చేసి, ఎల్ ఫాషర్ వెళ్లడానికి అనుమతి కోసం అల్ కోమా దగ్గర ఆగిన 15 లారీల బృందం మీద దాడి జరిగింది. ఐదుగురు చనిపోయారు. కాబట్టి వీడియోల్లో కనిపించే పంపిణీ ఈ పనిలో ఆఖరి చిన్న ముక్క. అంతకుముందు వారాల తరబడి బేరసారాలు, అనుమతులు, జాబితాలు, ఎదురుచూపులు ఉంటాయి.

ఇంకో సంగతి. అక్కడ ఈ పని ఎక్కువగా చేసేది సూడాన్ వాళ్లే. ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్ పేరుతో కాలనీల్లోని కుర్రాళ్లు, ఆడవాళ్లు సామూహిక వంటశాలలు నడిపారు, విదేశీ సంస్థలు వెళ్లలేని చోట్ల వాళ్లే అన్నం పెట్టారు. ఆ వాలంటీర్ల మీద నాకు అపారమైన గౌరవం. బయటి దేశం మనిషిని పిలిచేది వాళ్ల దగ్గర దొరకని నైపుణ్యం కోసమే. డాక్టర్స్ వితవుట్ బోర్డర్స్ లాంటి సంస్థ మామూలుగా కనీసం రెండేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతుంది.

ఆ రెండేళ్లు ఎక్కడ? మీ ఇంటికి దగ్గర్లోనే. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకూ, వాళ్ల మీదికి ప్రభుత్వ అండతో లేచిన సల్వాజుడుం అనే సాయుధ దళానికీ మధ్య నలిగిపోయి గొత్తికోయ ఆదివాసీలు అడవి దాటి మన భద్రాచలం, చర్ల, చింతూరు వైపు వచ్చేశారు. సాయుధ ఘర్షణలో ఇల్లు వదిలిన జనం గురించి తెలుసుకోవడానికి మనం సముద్రం దాటనక్కర్లేదు. డాక్టర్స్ వితవుట్ బోర్డర్స్ కూడా 2006 నుంచి ఈ సరిహద్దు ప్రాంతంలో సంచార వైద్యశాలలు నడిపింది. ఆ గూడేల్లో చాలాచోట్ల ఇప్పటికీ మంచినీళ్లకు, కాగితాలకు, భూమికి కష్టమే. భద్రాచలం ప్రాంతంలో వాళ్ల మధ్య పనిచేసే స్థానిక సంస్థలున్నాయి. ఫోటోలు తీసుకుని వచ్చేసే ఆలోచన వద్దు. ఏదో ఒక సంస్థతో కుదురుగా పనిచేయమనండి, కోయ భాష నాలుగు మాటలు నేర్చుకోమనండి. తెలియని భాష మాట్లాడే మనుషుల దగ్గర ముందు వినడం ఎలాగో అక్కడ వస్తుంది.

వరదలు ఎలాగూ ఉన్నాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు పునరావాస కేంద్రాల్లో తాగునీరు, మరుగుదొడ్లు ఎంత పెద్ద సమస్యో మీ వైపు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. జిల్లా రెడ్‌క్రాస్‌లో ఇప్పుడే పేరు నమోదు చేయించండి.

చదువు విషయంలో తొందరపడి పీజీకి డబ్బు పెట్టకండి. పుణెలోని రెడ్‌ఆర్ ఇండియా విపత్తుల్లో పనిచేసే ఇంజినీర్లకు శిక్షణ ఇస్తుంది. గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణం ఉంది. ఐక్యరాజ్యసమితి వాళ్ల బీసేఫ్ అనే భద్రతా కోర్సు ఆన్‌లైన్‌లో ఉచితం. భాష మాత్రం నేటి నుంచే మొదలుపెట్టాలి. సూడాన్‌కు అరబిక్, చాద్, కాంగో లాంటి చోట్లకు ఫ్రెంచ్. హైదరాబాద్‌లోని భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో రెండూ నేర్పుతారు. జీపు నడపడం కూడా నేర్పించండి, చిన్న విషయం అనుకోకండి. అనుభవం వచ్చాక యూఎన్ వాలంటీర్స్ మంచి మెట్టు. వాళ్లు నెలనెలా జీవన భత్యం, బీమా ఇస్తారు.

మీ భయం గురించి. అది అనవసర భయం కాదు. 2024లో ప్రపంచమంతా కలిపి 383 మంది సహాయ కార్యకర్తలు చనిపోయారు, వాళ్లలో అత్యధికులు ఆ దేశాల వాళ్లే. మంచి సంస్థ ప్రమాదాన్ని దాచదు. భద్రతా శిక్షణ ఇస్తుంది, కొన్ని వారాలకోసారి సెలవిచ్చి ఆ చోటు నుంచి బయటికి పంపుతుంది, వెళ్లనంటే బలవంతం చేయదు. ఇవి లేని సంస్థలో చేరవద్దని ఆమె దగ్గర మాట తీసుకోండి. జీతం సంగతి కూడా తెలిసి ఉండాలి. ఉద్యోగాలు ఎక్కువగా నెలల, ఏడాది కాంట్రాక్టులు. 2025లో అమెరికా సాయం తెగ్గోసినప్పుడు అనుభవం ఉన్నవాళ్లు కూడా వేల సంఖ్యలో రోడ్డున పడ్డారు. అందుకే చేతిలో మామూలు కంపెనీలోనూ చెల్లే పని ఉండాలంటున్నాను.

పెళ్లి గురించి మీరు రాయలేదు, మనసులో మాత్రం ఉండే ఉంటుంది. దాన్ని ఈ నిర్ణయానికి ముడిపెట్టకండి. రెండు మూడేళ్లు ఎలాగూ ఇక్కడే ఉంటుంది.

క్యాంపస్ ఉద్యోగం వదులుకోవద్దని చెప్పండి. అయితే ఆఫర్‌కు జవాబిచ్చే ముందు హెచ్‌ఆర్‌ను ఒక్క ప్రశ్న అడగమనండి: తాగునీటి పథకం పనులు ఉన్నాయా, ఆ సైట్‌లో పోస్టింగ్ ఇస్తారా అని. ఇస్తామంటే ఇంకేం ఆలోచించకుండా చేరిపోమనండి. అపార్ట్‌మెంట్ల పనే ఉందంటే ఏడాది చేసి, ఈలోగా గ్రామీణ నీటి సరఫరా పనులు చేసే కాంట్రాక్టు సంస్థల్లో ప్రయత్నించమనండి. జీతం కొంచెం తగ్గినా ఫర్వాలేదు.