డాల్క్ మధ్యలో కార్నియా మొత్తం మార్చారంటే సర్జరీ పాడైనట్టా?

అక్కా, మీ తమ్ముడికి డాల్క్ అని, అంటే కార్నియాలో (కంటి ముందుండే అద్దంలాంటి భాగం) పై పొరలు మాత్రమే దాతవి పెట్టే ఆపరేషన్ అని లోపలికి తీసుకెళ్లి, మధ్యలో లోపలి పొర చిరిగిందని కార్నియా మొత్తం మార్చేశారని, డాక్టర్ తప్పు చేశారేమోనని రాశారు. 2019లో విశాఖలోనే నా కుడి కంటికి ఇదే జరిగింది. నాదీ కెరటోకోనసే, అంటే కార్నియా పలచబడి ముందుకి పొడుచుకొచ్చే జబ్బే.

మత్తు కంటి వరకే ఇచ్చారు కాబట్టి మాటలన్నీ వినిపిస్తున్నాయి. "పొర తెగింది, మొత్తం మార్చేద్దాం" అన్న మాటకి నా గుండె జారిపోయింది. పక్కనున్న సిస్టర్ చెయ్యి పట్టుకుంది. చివరి కుట్టు దాకా ఆ చెయ్యి వదల్లేదు.

మర్నాడు డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పారు. కార్నియా మందమే దాదాపు అర మిల్లీమీటరు. డాల్క్‌లో పై పొరలు తీసి, అడుగున ఉండే డెస్మెట్ పొరను, దాని లోపలివైపు అంటుకుని ఉండే కణాలను మాత్రం మనవే ఉంచుతారు. సూదితో గాలి పంపి ఆ పొరను పై పొరల నుంచి విడదీస్తారు. దాని మందం మిల్లీమీటరులో వందో వంతు! చిన్న చిల్లయితే కంట్లో గాలిబుడగ పెట్టి డాల్క్‌నే పూర్తి చేయొచ్చు. పెద్దగా చిరిగితే మొత్తం మార్చాలి. అందుకే దానికీ పనికొచ్చే దాత కార్నియాను ముందే సిద్ధంగా ఉంచుకుంటారు. నేను సంతకం పెట్టిన కాగితంలో ఇదంతా ఉంది, టెన్షన్‌లో చదవలేదు. కాబట్టి పొర చిరగడమొక్కటే చూసి డాక్టర్‌ని తప్పు పట్టలేం.

జాగ్రత్త పడాల్సింది ఇప్పటినుంచి. డాల్క్‌లో లోపలి కణాలు మనవే. ఇప్పుడవీ దాతవే కాబట్టి రిజెక్షన్ (ఒళ్లు దాత కణాలను పరాయివని ఎదిరించడం) భయం ఎక్కువ, ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. బాగానే ఉంది కదా అని స్టెరాయిడ్ చుక్కలు సొంతంగా ఆపొద్దు. కన్ను ఎర్రబడినా, వెలుతురు భరించలేకపోయినా, చూపు మసకబారినా, నొప్పి వచ్చినా అదే రోజు వెళ్లండి. నాకు ఎనిమిదో నెలలో ఇసుక పడ్డట్టు గరగరలాడింది. ఆదివారం కదా, రేపు చూద్దామన్నాను. మా ఆవిడ ఊరుకోలేదు, గాజువాక నుంచి ఆటో మాట్లాడి తీసుకెళ్లింది. కుట్టు వదులైందట, అలా వదిలేస్తే ఇన్ఫెక్షన్ పట్టుకుంటుందని వెంటనే తీసేశారు.

చూపుకి ఓపిక పట్టాలి. నాకు పదహారు కుట్లు, అన్నీ తీసేసరికి ఏడాదిన్నర పట్టింది. ఆ తర్వాత గట్టి కాంటాక్ట్ లెన్స్‌తో చార్టులో కింది నుంచి రెండో వరుస చదివాను. తమ్ముడు క్రికెట్ ఆడతాడన్నారు, కంటికి దెబ్బ తగలనివ్వకండి. కుట్టిన చోటు ఎన్నేళ్లైనా మామూలు కన్నంత గట్టిపడదు.

రేపు రివ్యూలో కంటి ప్రెజర్ ఎంతుందో కూడా అడగండి, స్టెరాయిడ్ చుక్కలతో కొందరికి అది పెరుగుతుంది.