జెండాలో ఆరు రంగులా, ఏడా?

ప్రశ్న: నేను గోడలపై బొమ్మలు వేస్తుంటాను. ట్రాన్స్‌జెండర్ హక్కుల గురించి గీస్తున్న గోడపై ఇంద్రధనుస్సు జెండాకు ఏడు రంగులు వేస్తే, ఆరే ఉండాలన్నారు. ఏది సరి? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆరే సరి. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కళాకారుడు గిల్బర్ట్ బేకర్ స్వలింగ ప్రేమికుల ఉద్యమానికి గుర్తుగా రూపొందించిన ఈ జెండాకు ఎనిమిది చారలుండగా, ముదురు గులాబీ బట్ట దొరకక ఒకటి, ఆపైన మరొకటి తొలగి, 1979 నాటికి ఆరు మిగిలాయి. బడిలో నేర్చిన ఏడు రంగుల లెక్క ఇక్కడ పనికిరాదు. అయితే మీ గోడకు 1999లో మోనికా హెల్మ్స్ రూపొందించిన ట్రాన్స్‌జెండర్ జెండాయే ఎక్కువ తగినది: అంచుల్లో లేత నీలం, వాటి పక్కన లేత గులాబీ, నడుమ తెలుపు ఉండటంతో తలకిందులుగా పట్టినా అది మారదు. చప్పట్లు కొట్టే చేతుల బొమ్మ మాత్రం, మన సినిమాలు అరగదీసిన ఎగతాళి కనుక, వద్దు. దానికి బదులు, కుట్టుమిషను ముందు కూర్చుని పని చేసుకుంటున్న మనిషిని గీయండి, రంగు వేసేముందు ఆ స్కెచ్‌ను అక్కడి ట్రాన్స్‌జెండర్లకే చూపించండి.