చేప నల్లబడటం జబ్బు కాదు, ముందు ఆ మందు ఆపండి

ప్రశ్న: నాలుగడుగుల అక్వేరియంలో ‘మిక్స్‌డ్ ఆఫ్రికన్’ అని అమ్మిన సిక్లిడ్ చేప పిల్లలను పెంచుతున్నాను. వాటితో ఎల్లో ల్యాబ్‌లు, రెండు పీకాక్‌లు, ఒక ఆస్కార్ ఉన్నాయి. పసుపు ఒంటిపై నల్ల చారలున్న చేప ఒకటి నెల రోజులుగా నల్లబడుతోంది. మిగతావాటి తోకలు చిరుగుతున్నాయి. ఫిన్ రాట్ (రెక్కలు కుళ్లే జబ్బు) అని డీలర్ టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. వారం నుంచి వేస్తున్నా తగ్గలేదు. ఏం చేయాలి?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఆ చేప ఆరాటస్ అనే సిక్లిడ్‌లో మగది. దీని పిల్లలు, ఆడవి పసుపుగా ఉంటాయి. మగది ఎదిగి తొట్టిలో పెత్తనం చేతికొచ్చాక ఒళ్లు నల్లబడి చారలు లేతరంగుకు మారతాయి, కాబట్టి దాని ఆరోగ్యం గురించి టెన్షన్ వద్దు, మిగతావాటి గురించి పడండి. ఆఫ్రికాలోని మలావీ సరస్సులో రాళ్ల మధ్య బతికే ఎంబునా అనే సిక్లిడ్లలో ఇది మహా కొట్లాటకోరు. ఫిన్ రాట్ అయితే రెక్కల అంచులు తెల్లగానో ఎర్రగానో మారి మొదలు దాకా కుళ్లుతూ వస్తాయి. ఒక్కసారిగా ముక్క ఊడినట్టుంటే అది కాటు, ఆరాటస్ పనే కావచ్చు.

టెట్రాసైక్లిన్ సంగతి గట్టిగానే చెప్పాలి. ఆఫ్రికన్ సిక్లిడ్లకు కావలసిన గట్టి (ఖనిజాలు ఎక్కువున్న) నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఈ మందును పట్టేసుకుంటాయి, చేపకు అందేది తక్కువ. పైగా యాంటీబయాటిక్ వల్ల ఫిల్టర్‌లో అమ్మోనియాను తినే బ్యాక్టీరియా దెబ్బతిని, తొట్టిలో అమ్మోనియా పేరుకోవచ్చు. నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చూపే పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలోని విషభాగం దాదాపు 10 రెట్లవుతుంది. నీళ్లు పరీక్షించకుండా మందు చేతిలో పెట్టే డీలర్ మాట ఎలా నమ్మారు? టెస్ట్ కిట్ లేకుండా ఏ మందూ వేయకండి.

ఈరోజే 30 శాతం నీళ్లు మార్చండి, కొత్త నీళ్లలో క్లోరిన్ పోగొట్టే మందు కలపండి, వేడి కూడా పాత నీళ్లంతే ఉండాలి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. అమ్మోనియా 0.25 పీపీఎం (లీటరుకు 0.25 మిల్లీగ్రాములు) చూపిస్తే రేపు మళ్లీ మార్చండి. బాగా దెబ్బతిన్న చేపలను వేరే తొట్టిలో లీటరుకు 1 గ్రాము ఉప్పు వేసి ఉంచితే చాలు.

ఆరాటస్‌ను తీసేయండి, పీకాక్‌లతో దానికి ఎప్పటికీ పొత్తు కుదరదు. ఆస్కార్ అసలు ఆఫ్రికా చేపే కాదు, అమెజాన్‌ది. అడుగు పొడవు పెరుగుతుంది, మెత్తటి (ఖనిజాలు తక్కువున్న) నీళ్లు కోరుకుంటుంది, దానికి వేరే పెద్ద తొట్టి చూడండి.

మీ ఎల్లో ల్యాబ్‌లను కూడా ఒకసారి పరీక్షగా చూడండి. వీపు రెక్క పొడవునా నల్ల పట్టీ ఉంటే అవి ల్యాబ్‌లే. పట్టీ లేకుండా ఒంటిపై నిలువు చారలు లీలగా కనిపిస్తే కెన్యీ అనే మరో ఎంబునాలో మగది కావచ్చు. దాని పిల్లలు, ఆడవి నీలంగా ఉంటాయి, మగది పెద్దయ్యాక పసుపుకు తిరుగుతుంది. అదీ ఆరాటస్‌కు తీసిపోని రౌడీయే, దాన్నీ తీసేయాల్సిందే. రంగు చూసి పేరు పెట్టకండి, ఆడా మగా రెండింటి ఫొటోలతో పోల్చి చూడండి.

పీకాక్‌లకు నిజమైన ల్యాబ్‌లు, అడుగున తిరగడానికి సైనోడాంటిస్ క్యాట్‌ఫిష్ సరిపోతాయి. పీకాక్‌లలో రెండు జాతులు కలపకండి, ఆడవి ఒకేలా ఉండి సంకరం అయిపోతాయి. ఒక మగదానికి మూడు ఆడవి ఉండాలి. కొత్తవాటిని నాలుగు వారాలు విడిగా ఉంచి, తొట్టిలో రాళ్ల అమరిక మార్చి, అన్నిటినీ ఒకేసారి దీపం ఆర్పి వదలండి. అప్పటికీ తోకలు చిరుగుతుంటే పక్కనుంచి తీసిన ఫొటోతో పాటు నీటి పరీక్ష అంకెలు పంపండి, అంకెలు లేకుండా ఫొటో ఒక్కటే పంపొద్దు.