ట్రంక్ రోడ్డు భవనం చరిత్ర రాయబోతున్న నీకు

చిరంజీవి ప్రసాదుకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఒంగోలు ట్రంక్ రోడ్డులోని ఆ రెండంతస్తుల దుకాణాల భవనం చరిత్ర రాయాలనుకుంటున్నావని తెలిసి సంతోషించాను. నలభై ఏళ్లు దస్తావేజులు రాసి బతికినవాణ్ణి గనుక, ఆ పనిలో ఎక్కడ మోసపోతావో కొంత చెప్పగలను.

అందరూ ముందు ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల వివరాల పత్రం, తీయిస్తారు. ఆన్‌లైన్‌లో 1983 నుంచి జరిగిన లావాదేవీలే కనిపిస్తాయి. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి పాత సూచికలు వెతికించాలి. స్థిరాస్తి దస్తావేజులను ఎక్కించే ఒకటో పుస్తకాన్ని రుసుము కట్టిన ఎవరైనా చూడవచ్చునని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను చెబుతోంది గనుక, నీవు యజమానివి కావని ఎవరైనా వెనక్కి పంపితే ఆ సంగతి మర్యాదగా గుర్తుచెయ్యి.

అయితే అక్కడ దొరికేది యజమానుల వరస మాత్రమే. ఒకప్పుడు ఏడాదికి మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కావడంతో, బజారు కొట్లు చాలావరకు పదకొండు నెలల అద్దె ఒప్పందాల మీదే నడిచాయి. అలాంటివి నేనే వందల కొద్దీ రాశాను. బట్టల కొట్టు ఎప్పుడు పోయింది, టిఫిన్ హోటలు ఎప్పుడు వచ్చింది, దాని స్థానంలో సెల్‌ఫోన్ల దుకాణం ఎప్పుడు వెలిసింది అన్నవి ఆ పుస్తకాలకెక్కలేదు.

అందుకని పక్క ఆస్తుల దస్తావేజులు చూడు. హద్దులు రాసేటప్పుడు "తూర్పు: ఫలానావారి బట్టల కొట్టు" అని ఎదుట కనిపించిన దాన్నే రాసేవాళ్లం. కానీ పాత దస్తావేజులోని హద్దులను ఉన్నవున్నట్టు దించేసే బద్ధకం మా వృత్తిలో ఉంది, దానికి నేనూ అతీతుణ్ణి కాను. కొట్టు ఎత్తేసి పదేళ్లయినా నా రాతలో అది బతికే ఉండవచ్చు. ఒకే మాట రెండు మూడు దస్తావేజుల్లో అక్షరం మారకుండా కనిపిస్తే, మొదటి దాన్నే నమ్ము.

బిల్లులు, చేతిసంచులు, పెళ్లి ఫొటోల వెనక కనిపించే బోర్డులు సేకరించు. తేదీ లేని కాగితానికి కూడా కాలం కట్టవచ్చు. లెక్క అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుదో, నయాపైసలకు అలవాటు పడుతున్న రోజులదో అయి ఉంటుంది. ఊరి పేరు కింద గుంటూరు జిల్లా అని ఉంటే, అది 1970 ఫిబ్రవరిలో మనకు వేరే జిల్లా ఏర్పడక ముందు అచ్చయినదే కావచ్చు. ఒంగోలు జిల్లా అని ఉంటే మరీ విలువైనది, ఎందుకంటే 1972లోనే ఆ పేరు ప్రకాశం అయింది. పిన్‌కోడు కనిపిస్తే 1972 ఆగస్టు తరువాతిది. వ్యాట్ పన్ను కట్టే వ్యాపారులకిచ్చిన టిన్ నంబరుంటే 2005కూ 2017కూ మధ్య వాడినదనుకో.

తలుపు నంబర్లు మారిపోతుంటాయి గనుక, పాత నంబరుకు కొత్త నంబరేదో పురపాలక ఆస్తిపన్ను రిజిస్టర్లో సరిచూసుకో. పై అంతస్తు ఏ ఏడు కట్టారో, పన్ను ఒక్కసారిగా పెరిగిన చోట పట్టుబడుతుంది.

పెద్దలను అడిగేటప్పుడు "ఏ సంవత్సరం?" అనవద్దు, ఏదో ఒక అంకె చెప్పేస్తారు. ఎవరి పెళ్లికి అక్కడ బట్టలు తీశారో అడిగితే, ఆ శుభలేఖ వెతికి తేదీ తెలుసుకోవచ్చు.

నా చిత్తు దస్తావేజుల కట్టలు అటక మీదే ఉన్నాయి. వచ్చేటప్పుడు పాత బట్టలు వేసుకుని రా, దుమ్ము దులపాలి.

ఇట్లు,
మీ పెదనాన్న