సీరియళ్లలో ఆడవాళ్లు మారారు, మొగుడు మాత్రం మారలేదు

"తెలుగు సీరియళ్లలో ఆడవాళ్ల పాత్రలు నిజంగా మారాయా, లేక చీరలు మాత్రమే మారాయా?" అని అడిగారు. చీరలూ మారాయి, పాత్రలూ మారాయి. మారనిది మొగుడి పాత్ర. రాత్రి భోజనాల వేళ దాకా రిమోట్ అత్తగారి చేతిలో ఉండే ఇంట్లో కాపురం చేస్తున్నాను కాబట్టి, ఇష్టమున్నా లేకున్నా ఈ విషయంలో నాకు కాస్త అనుభవం ఉంది.

'కార్తీకదీపం' నుంచే మొదలుపెడతాను. 2017లో స్టార్ మాలో మొదలై 2023 జనవరి దాకా సాగింది. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు' దానికి మూలం. నల్లగా ఉందన్న కారణంతో దీపను అత్త సౌందర్య ఈసడించుకునే ఘట్టాలు వస్తుంటే మా అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తీస్తూ ఆగిపోయేవారు. ఆవిడదీ నలుపే. పెళ్లిచూపులకు వచ్చిన మగపెళ్లివారిలో ఒకావిడ "చామనఛాయ అన్నారు, ఇదా చామనఛాయ?" అన్న మాట యాభై ఏళ్లు దాటినా ఆవిడ మరిచిపోలేదు. ఆ మాట అన్న గొంతును కూడా అనుకరించి చూపిస్తారు. అలాంటి మనిషికి సాయంత్రం టీవీలో తన కథే కనబడింది. అయినా ఆవిడ కన్ను చురుకైనది. "ఈ అమ్మాయికి ముఖానికి పూసినంత రంగు మెడకు పూయలేదు చూడు. ఇంత దేశంలో వీళ్లకు ఒక నల్లపిల్ల దొరకలేదా?" అన్నారొకసారి. దీపగా నటించిన ప్రేమి విశ్వనాథ్‌కు మేకప్‌తో రంగు తగ్గించారన్న సంగతి అప్పటికి ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఆ సీరియల్‌లో నాకు నచ్చిన మార్పు సౌందర్యది. కోడలిని గడప తొక్కనివ్వనన్న అత్త, పోనుపోను కొడుకును నిలదీసి కోడలి పక్షాన నిలబడింది. అంతకుముందు మన సీరియళ్లలో అత్త అంటే తాళాల గుత్తి, తలుపు చాటున మాటలు వినడం, అంతే. దీప కూడా పుట్టింటికి వెళ్లి ఏడుస్తూ కూర్చోలేదు. వంటలు చేసి కూతురిని పెంచింది. ఊళ్లో వంట చేసి బతికే ప్రతి ఆడమనిషికీ 'వంటలక్క' అన్న పేరు వచ్చేసింది, మా వీధిలో క్యాటరింగ్ చేసే ఆవిడతో సహా. ఆవిడ ఆ పేరునే బోర్డు మీద రాయించుకున్నారు.

మరి దీప మొగుడు డాక్టర్ బాబు? గుండె డాక్టరు. తనకు పిల్లలు పుట్టరని నమ్మి, కడుపుతో ఉన్న భార్యను అనుమానించాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయించలేదు. రెండు రాష్ట్రాల్లో దీని మీద పడని జోకు లేదు. మా మామగారు పేపరు చాటు నుంచే "ఈ రోజైనా చేయించాడా?" అని అడిగేవారు.

మగాడికి అంత తెలివితక్కువతనం ఎందుకు అంటగడతారని నేనూ విసుక్కునేదాన్ని. తర్వాత లెక్క అర్థమైంది. డైలీ సీరియల్ వారానికి ఐదారు రోజులు నడవాలి, ఏళ్ల తరబడి నడవాలి, గురువారం గురువారం రేటింగులు వస్తాయి. భర్త నోరు తెరిచి ఒక ప్రశ్న అడిగితే, భార్య దానికి సూటిగా జవాబిస్తే, కథ ఆ శుక్రవారానికే ముగిసిపోతుంది. అందుకని అతను అడగకూడదు, ఆమె చెప్పకూడదు. అతని మౌనానికి పౌరుషమనీ, ఆమె మౌనానికి ఆత్మాభిమానమనీ పేర్లు పెట్టారు. చిన్నప్పటి నుంచీ రోజూ ఇదే చూస్తూ పెరిగిన పిల్లలు భార్యాభర్తలంటే మాట్లాడుకోని ఇద్దరు మనుషులనుకుంటే ఆశ్చర్యమేముంది?

ఇక భర్త చేసిన పాపం ఎవరో ఒకరు మొయ్యాలి కదా. ఆ మోత మళ్లీ ఆడదాని మీదే. 'కార్తీకదీపం'లో డాక్టర్ బాబు మీద మనసుపడి ఎత్తులు వేసే మోనిత ఉంది కాబట్టి డాక్టర్ బాబు మోసపోయినవాడయ్యాడు, క్షమించడానికి వీలైనవాడయ్యాడు. 'గుప్పెడంత మనసు' సీరియల్‌లో హీరో రిషి కన్నతల్లిని ఏళ్ల తరబడి అమ్మా అని పిలవకుండా మేడమ్ అన్నాడు. ఆ దూరం వెనుక పెద్దమ్మ దేవయాని ఉంది. అదే సీరియల్‌లో హీరోయిన్ వసుధార చదువు కోసం పెళ్లి కాదని ఇల్లు వదిలి వచ్చిన పిల్ల. పట్నంలో హాస్టల్‌లో ఉంటున్న మా ఆడపడుచు కూతురు ఆ ఒక్క సంగతి కోసమే ఫోనులో దాన్ని చూసేది. అది నిజమైన మార్పే. కానీ మగవాడి మొండితనానికి కారణం వెతికిన ప్రతిసారీ దారి వేరే ఆడదాని గదికే తీసుకెళుతుంది.

ఈ చట్రాన్ని గట్టిగా కదిపింది 'ఇంటింటి గృహలక్ష్మి'. 2019 నాటి బెంగాలీ 'శ్రీమొయీ'కి ఇది తెలుగు రూపం. 2020లో హిందీ 'అనుపమా' కంటే ముందే మొదలైంది. తమిళం, మలయాళం, కన్నడం, మరాఠీలలోనూ అదే కథ నడిచింది. తెలుగులో ఆ భార్య పేరు తులసి, భర్త పేరు నందు. ఇన్ని భాషల ఇళ్లకు ఒకే తులసి సరిపోయిందంటే, ఇన్ని ఇళ్లలో నందు ఉన్నట్టే! ఇక్కడ భర్త మోసపోలేదు, తానే మోసం చేశాడు. అతని జీవితంలోకి వచ్చిన రెండో ఆడది లాస్య ఉంది, నిజమే. అయితే పెళ్లాన్ని చదువు లేనిదని చులకన చేయడం అతనికి ఎవరూ నేర్పింది కాదు. తులసిగా నటించిన కస్తూరి 1997 నాటి 'అన్నమయ్య' సినిమాలో ఇద్దరు భార్యల్లో ఒకరిగా కనిపించారు. అక్కడ సవతితో సర్దుకుపోయిన మనిషే ఇక్కడ విడాకులు ఇచ్చి బయటికి నడిచిందని మా ఆయన ఒక సాయంత్రమంతా నవ్వారు.

విడాకుల ఎపిసోడ్ రోజు మా అత్తగారు నవ్వలేదు. "పిల్లల పెళ్లిళ్లు పాడవుతాయి, ఓర్చుకో" అంటారనుకున్నాను. "సంతకం పెట్టేటప్పుడు ఆ చెయ్యి వణకకుండా ఉండాల్సింది" అన్నారు. మామగారు పేపరు తిప్పారు, చదివిన పేజీకే.

విడాకుల తర్వాతి కథ నాకు నచ్చలేదు. భర్తను వదిలేసిన ఆడది చెడ్డది కాదని నమ్మించడానికి ఆమెను మునుపటి కంటే ఎక్కువ మంచిదాన్ని చేయాల్సి వచ్చింది. మాజీ అత్తమామల బాగోగులు, పిల్లల కాపురాలు, మాజీ భర్త కష్టాలు కూడా ఆమెవే. వదిలించుకున్నది మొగుడిని మాత్రమే, చాకిరీని కాదు.

ఇంతకీ మగపాత్రలు అసలు కదల్లేదా అంటే, మా మామగారి తరం మగవాళ్లు సిగ్గుపడకుండా కూర్చుని చూసిన 'మొగలిరేకులు' ఆర్కే నాయుడు పోలీసు, కాపాడేవాడు. రిషి దగ్గరికి వచ్చేసరికి హీరో ఏడుస్తాడు, అలుగుతాడు, కవిత్వం చెబుతాడు. కన్నీళ్లు వచ్చాయి, అడిగే అలవాటు మాత్రం రాలేదు. తన కాఫీ కప్పు తనే కడుక్కునే హీరో నాకింకా తారసపడలేదు. పడితే ఇక్కడే రాస్తాను.

ఏదైనా ఒకటి చూడమంటారా? 'గృహలక్ష్మి'ని విడాకుల దాకా చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం, మీ ఓపిక.